క్రేన్ రోహిణి చేతుల మీద నిలబడిన వైనం

గోడ ఆసరా లేకుండా, పక్కన మనిషి చెయ్యి వేయకుండా, ఉన్నచోటు నుంచి బెత్తెడు జరగకుండా మా రోహిణి రెండు చేతుల మీద మొదటిసారి నిలబడింది ఈ ఏడాది మార్చి నెలలో, ఒక ఆదివారం పొద్దున, టాటానగర్ బారిడీహ్ పేటలో మా డాబా మీద. చూసింది ముగ్గురం. నేను, నా భార్య నూకమ్మ, పిట్టగోడ మీద వాలిన ఒక కాకి. కాకి సాక్ష్యం ఎక్కడా చెల్లదు. నూకమ్మను అడిగితే, "ఆ, నిలబడింది లెండి, ముందు నన్ను పెసలు ఎండబెట్టుకోనియ్యండి" అంటుంది. కనక జరిగింది జరిగినట్టు చెప్పడం నా వంతయింది.

రోహిణి మా తమ్ముడు నారాయణమూర్తి కూతురు. తమ్ముడిది రైల్వే ఉద్యోగం. కింది వాటా మాది, మీది వాటా వాళ్లది. పిల్లకు ఇరవై ఏడు నిండాయి. బడిలో ఉండగా ఖోఖోలో జిల్లా జట్టుకు ఆడింది. ఐటీఐ మొదటి తరగతిలో పాసయింది. ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున క్రేన్ ఆపరేటర్‌గా చేరింది. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ అది. ఆమె పనిచేసే షెడ్డులో ఆ క్యాబిన్ ఎక్కిన మొదటి ఆడపిల్ల మా రోహిణే. తెలుగు సంఘం వాళ్ల ఆటల పోటీల్లో చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే పందెం వరసగా గెలుస్తూ ఉంటే, మిగతావాళ్లు గొడవ పెట్టి చివరికి ఆమెను ఈల వేసే పనికి మార్పించారు. ఇలాంటివి మనం చెప్పుకోకపోతే పక్క ఊరి నుంచి వచ్చి ఎవరూ చెప్పరు.

క్రేన్ విద్య మా ఇంటిది. నేను మందస దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివి, మేనమామ చెయ్యి పట్టుకుని ఈ ఉక్కు ఊరు టాటా వచ్చి, ఖలాసీగా మొదలుపెట్టి, క్రేన్ ఎక్కి, క్రేన్ మీద నుంచే రిటైరయ్యాను. నా కొక్కేనికి వేలాడిన లోడు గోడకు తగిలిందని గాని, మనిషికి తగిలిందని గాని ఏ ఫోర్‌మన్ నోటా మాట రాలేదు. రోహిణి లైసెన్సుకు చదువుకునే రోజుల్లో మొదటి పాఠం నేనే చెప్పాను. ఇనప తాళానికి తాడు కట్టి, తాడును కర్రకు వేలాడదీసి, కర్ర పట్టుకుని నడవమన్నాను. నడక ఆపేసరికి తాళం ముందుకు ఊగింది. పిల్ల కర్రను వెనక్కి లాగింది. తాళం ఇంకా పెద్దగా ఊగి మోకాలికి తగిలింది.

"ఎనక్కి లాగీకే గుంటా! లోడు ఎటెల్తే అటే ఎల్లాల. దాని నెత్తి మీదకెల్లి నిలబడు, అదే ఆగిపోద్ది. లోడెనకాలే ఎల్లు" అన్నాను.

సాయంత్రానికల్లా తాళం ఊగకుండా ఇల్లంతా తిరిగింది. లైసెన్సు పరీక్ష మొదటి దెబ్బకే పాసయింది. ఈ పాఠం ఎక్కడికి దారి తీసిందో ముందు ముందు మీకే తెలుస్తుంది.

ఇక చేతుల మీద నిలబడే సంగతి ఎలా మొదలయిందంటే, బారిడీహ్‌లో మా వీధి చివర ఒక సామాజిక భవనం ఉంది. అందులో సౌరభ్ అనే బెంగాలీ కుర్రాడు పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతాడు. మొగ్గలు వేయించడం, వెల్లకిలా వంగి విల్లులా నిలబెట్టడం, బండిచక్రంలా పక్కకు తిప్పడం. రోహిణి పొద్దుటి ఎ షిఫ్టు దిగి, మధ్యాహ్నం అన్నం తిని, సాయంత్రం అక్కడికి వెళ్లేది. మొదట తన ఒళ్లు సాగుతుందని వెళ్లింది. తరవాత చిన్నపిల్లలను పట్టుకుని నిలబెట్టే పని తనంతట తనే నెత్తిన వేసుకుంది. పోయిన నవంబరులో ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"పెదనాన్నా, సౌరభ్ సర్ ఆడపిల్లల బ్యాచి ఆపేత్తారంట."

"ఏటి, ఏటయిందిప్పుడు?"

"పిల్లలు పెద్దవుతన్నారు కదా. మగ మాస్టరు దగ్గరకి పంపమంటన్నారు వాళ్లమ్మలు. లేడీ కోచ్ ఉంటేనే పంపుతారంట."

నూకమ్మ వంటింట్లోంచే అరిచింది. "నువ్వున్నావు కదే! పొద్దస్తమానం అక్కడే ఉంటన్నావు. నువ్వు ఆడదానివి కావేటి?"

"ఆడదాన్నే పెద్దమ్మా, సర్టిఫికెట్ నేదు. ఉత్త చేతుల్తో ఉంటే భవనం కమిటీవాళ్లు మాన్‌తే హీ నహీఁ, ఒప్పుకోనే ఒప్పుకోరు."

సర్టిఫికెట్ కావాలంటే భువనేశ్వర్‌లో కోచ్‌ల శిబిరానికి వెళ్లాలి. శిబిరానికి వెళ్లాలంటే ముందు రాంచీలో జరిగే ఎంపికలో నెగ్గాలి. అక్కడ చేసి చూపించమనే వాటిలో మొగ్గ, చక్రం, విల్లు రోహిణికి వచ్చినవే. రానిది ఒక్కటి. సుద్దముక్కతో గీసిన చదరం లోపల రెండు చేతుల మీద నిలబడి, వాళ్లు పది లెక్కపెట్టేదాకా గీత దాటకుండా ఉండాలి. ఏప్రిల్‌లో ఎంపిక. వచ్చే ఏడు చూసుకుందాం అనడానికి లేదు, ఈ ఏడు దాటితే ఆమె వయసు వాళ్ల నియమం దాటిపోతుంది. సౌరభ్ కూడా పిల్లల తల్లుల కాళ్లావేళ్లా పడి వేసవిదాకా ఓపిక పట్టమన్నాడు. ఆ చదరంలో రోహిణి నిలబడితే బ్యాచి ఉంటుంది. నిలబడకపోతే ఆ పిల్లలు ఇళ్లలో కూర్చుంటారు. లెక్క అంత సూటిగా ఉంది.

మొదలు గోడ దగ్గర. డాబా మీద మెట్ల గది గోడకు దగ్గరగా చేతులు నేలకు ఆనించి, కాళ్లు పైకి విసిరి, మడమలు గోడకు తగిలించి ఉండిపోవడం. ముఖం టమాటా పండులా ఎర్రబడేది. మణికట్లు నొప్పులు పుట్టేవి. నూకమ్మ ఆముదం రాసి, "అన్నం తినే సేతులు గదే, వాటిమీద నిలబడతావేటే" అని తిట్టేది. రోహిణి తల్లి ఇంద్రాణి బాధ వేరు.

"బావగారూ, మీరైనా సెప్పండి. మొన్ననే సున్నం ఏయించాం. గోడ సూడండి, గోడంతా మడమలే!"

నిజమే. మనిషి గోడెక్కి పారిపోయినట్టు మడమల గుర్తులు. నాకు మాత్రం వాటిని చూస్తుంటే ముచ్చటగా ఉండేది. డిసెంబరులో గోడనిండా ఉన్న గుర్తులు జనవరికి తగ్గిపోయాయి. అంటే పిల్ల గోడను వదలడం మొదలుపెట్టిందన్న మాట.

గోడ వదిలిన రోజు నేను అక్కడే పడక కుర్చీలో ఉన్నాను. పిల్ల గోడకు ఎడంగా, డాబా ఈ చివర చేతులు ఆనించి కాళ్లు విసిరింది. కాళ్లు నిటారుగా నిలిచాయి, వీపు వైపుకు వాలడం మొదలుపెట్టాయి. పడిపోతుందనుకున్నాను. అలవాటు కొద్దీ అరిచేశాను.

"లోడెనకాలే ఎల్లవే!"

అంతే. కాళ్లు ఎటు వాలాయో చేతులు అటు నడిచాయి. ఒక అడుగు, మరో అడుగు. పడలేదు. డాబా ఈ చివర నుంచి ఆ చివర నీళ్ల ట్యాంకు దాకా చేతుల మీద నడిచి వెళ్లి, అక్కడ కాళ్లు దించింది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మా వంశంలో కాళ్ల మీద నడిచినవాళ్లే గాని చేతుల మీద నడిచినవాళ్లు అంతకు ముందు లేరు.

ఆ నెలలోనే మా తెలుగువాళ్లందరం డిమ్నా చెరువు దగ్గరకు పిక్నిక్‌కు వెళ్లాం. వంట డేగిసాల దగ్గర నుంచి జంఖానా పరిచిన చోటు దాకా రోహిణి చేతుల మీద నడిచి చూపించింది. "క్రేన్ దీదీ! క్రేన్ దీదీ!" అని పిల్లలు వెంటపడ్డారు. సంఘంవాళ్లు స్టీలు క్యారియర్ బహుమతిగా ఇచ్చారు. భాలుబాసా పేట నుంచి వచ్చిన మా వియ్యాలవారొకరు, "అసిరయ్యగారూ, ఈ పిల్లకి క్రేన్ ఎందుకండీ, సర్కస్ పెట్టీండి, మీరు టికెట్లు సింపండి" అన్నారు. అన్నా నాకు కోపం రాలేదు. అంత సంతోషంలో ఉన్నాను.

ఆ సంతోషం సౌరభ్ సుద్దముక్క తీసేదాకే.

ఫిబ్రవరిలో అతడు హాలులో చదరం గీసి, "దీదీ, అందులో నిలబడండి" అన్నాడు. రోహిణి కాళ్లు ఎత్తింది. రెండు లెక్కపెట్టేలోపు చేతులు గీత దాటి నడుచుకుంటూ పోయాయి. మళ్లీ ఎత్తింది. మళ్లీ నడిచింది. ఎన్నిసార్లు ఎత్తినా అదే వరస. హాలు ఆ చివర తలుపు దాకా వెళ్లి దిగేది.

"దీదీ, చల్‌నా నహీఁ హై, రుక్‌నా హై" అన్నాడు సౌరభ్, నడవడం కాదు, ఆగడం కావాలని. మంచి కుర్రాడు, గొంతు పెంచలేదు. "నడక వచ్చినవాళ్లకే ఆగడం కష్టం. రాంచీలో మీరు ఇలా నడిస్తే తలుపు దగ్గరే చీటీ చేతికిచ్చి పంపేస్తారు."

ఇంటికి వచ్చి రోహిణి ఏడవలేదు. వీధి అరుగు మీద కూర్చుని తన అరచేతులను ఎవరివో చూసినట్టు చూసుకుంది.

"పెదనాన్నా, సేతులు నా మాట ఇంటంనేదు. నాను అనుకునేలోపే ఎల్లిపోతన్నాయి. షిఫ్టులో కూడా అంతే, లోడు ఊగితే నాను ఆలోచించను, లివర్ మీద సెయ్యి దానంతటదే ఎల్లిపోద్ది."

"అది మంచిదే కదమ్మా."

"క్రేన్‌కి మంచిది. దీనికి?"

నేను చెప్పిన పాఠమే ఆమె ఒంట్లోకి దిగి కూర్చుంది. దిగింది పోదు, పోవాలని చెప్పడానికి నాకు నోరు రాదు. కాని సందేహం మాత్రం పట్టుకుంది. వాలిపోయేదాన్ని దాని వెనక వెళ్లకుండా ఎవరైనా ఎలా ఆపుతారు?

చీపురు తీసుకుని అరచేతిలో నిలబెట్టి చూశాను. చెయ్యి కదుపుతున్నంతసేపూ చీపురు నిలబడింది. చెయ్యి ఆపగానే పడింది. మళ్లీ నిలబెట్టాను. నూకమ్మ గుమ్మంలో నిలబడి నన్నూ చీపురునూ మార్చి మార్చి చూసింది.

"రిటైరయినాక మగాడికి ఇంత పని ఉంటదని నాకు తెలీదు. అలగే ఇల్లు ఊడ్సేద్దురూ, పుణ్యముంటది."

చీపురు ఆమెకు ఇచ్చేశాను. సందేహం నా దగ్గరే ఉండిపోయింది. మనం కాళ్ల మీద నిలబడుతున్నాం కదా, మనం ఎందుకు పడిపోవడం లేదు? ప్రతి మనిషీ రెండు కర్రల మీద నిలబెట్టిన బస్తాయే. చీపురులాగే పడాలి. మనం నిలబడ్డచోట నడుస్తూ ఉండడం లేదు కదా!

మర్నాడు పొద్దున వరండాలో చెప్పులు విడిచి, పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, గచ్చు మీద నిలబడి నా కాళ్లనే చూసుకున్నాను. మొదట ఏమీ కనిపించలేదు. కొంచెం ముందుకు వాలాను. అప్పుడు కనిపించింది. కాలివేళ్లు ఒక్కసారి గచ్చును కరిచిపట్టుకున్నాయి. వెనక్కి వాలితే వేళ్లు లేచి మడమ నొక్కుకుంది. ఏమీ చేయకుండా ఊరికే నిలబడ్డప్పుడు కూడా వేళ్లు కదులుతూనే ఉన్నాయి, నొక్కుతూ, వదులుతూ, చేపపిల్లల్లా. అరవై ఏడేళ్లుగా వాటి మీద నిలబడుతూ ఒక్కనాడు వాటి పని చూడలేదు.

"రోహిణీ! ఓలమ్మా, బేగిరా!"

షిఫ్టుకు హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతున్నది పరుగెత్తుకొచ్చింది. "ఏటయింది పెదనాన్నా? పడ్డారా?"

"పడనేదు. ఎందుకు పడనేదో సూడు!"

చూపించాను. ఆమె కూడా సేఫ్టీ బూట్లు విప్పి, సాక్సులు తీసి నా పక్కన నిలబడింది. ఇద్దరం ముందుకూ వెనక్కూ వాలుతూ కాళ్లకేసి చూసుకుంటుంటే పాలవాడు సైకిలు ఆపేశాడు. నూకమ్మ వాడితో, "నువ్వు పాలు పొయ్యి నాయనా, వీళ్లకి ఇది పొద్దుటి పూజ" అంది.

అయినా అది నా కాళ్ల సంగతి. ఆమె చేతుల్లో ఏం జరుగుతున్నదో ఎలా తెలుస్తుంది? తలకిందులుగా ఉన్న పిల్ల తన వేళ్లను చూసుకోలేదు, చూసేలోపు నడిచేస్తుంది. అది తేల్చింది మాత్రం నూకమ్మే, తనకు తెలియకుండా.

డాబా మీద చేతుల నడక వల్ల నూకమ్మకు ఒక భయం ఉండేది. మా ఇంట్లో ఆదివారం డాబా మీద తులసి కుండీ ముందు కూడా ముగ్గు పెడుతుంది. రోహిణి చేతులు ట్యాంకు దాకా వెళ్లే దారిలో ఆ ముగ్గు ఉంది. ఆ వారంలోనే, ఆదివారం ముగ్గు పెట్టి కిందికి దిగి మళ్లీ వచ్చేసరికి దాని నడిమధ్య నుంచి రెండు చేతులు నడిచిపోయి ఉన్నాయి.

"ఓలే ఓలే ఓలే! ముగ్గు తొక్కీసిందే!" డాబా అదిరిపోయింది. "పుట్టి బుద్దెరిగినకాడి నుంచి సెప్తన్నాను, ముగ్గు తొక్కకూడదే అని!"

"కాలితో తొక్కనేదు పెద్దమ్మా, సెయ్యే కదా..."

"సెయ్యయితే తొక్కుడు కాదేటి? మూడేళ్ల పిల్లప్పుడు కూడా గెంతుకుంటా పక్కనుంచెల్లేదానివి. గాడిదైనాక ఏటొచ్చింది నీకు?"

తిట్లు వినబడుతున్నా నా కళ్లు నేల మీదే ఉన్నాయి. పిండి మీద చేతుల అచ్చులు అంత స్పష్టంగా పడ్డాయి. కళ్లజోడు తెచ్చుకుని వంగి చూశాను. మణికట్టు దగ్గర మడమలాంటి భాగం లోతుగా దిగింది. అరచెయ్యి సగం పడింది. వేళ్ల మొదళ్లు లీలగా ఉన్నాయి. వేళ్ల కొసలు? అసలు లేవు. పిండి చెక్కుచెదరలేదు.

"ఇది సెయ్యా, ఏనుగు పాదమా? నీ ఏళ్లేవే?" అన్నాను.

రోహిణి కూర్చుని ఆ అచ్చుల్లో తన చేతులు పెట్టి చూసుకుంది. తరవాత వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"పెదనాన్నా, క్రేన్ కొక్కేనికి ఏళ్లు నేవు. అందుకే అది లోడెనకాల పరిగెడతాది. దానికి ఇంకో దారి నేదు. నాకు ఏళ్లున్నాయి, నాను వాడటంనేదు. ఔర్ ఏక్ క్రేన్ బన్ గయీ మైఁ, నానూ ఇంకో క్రేన్‌నే అయిపోనాను, అంతే."

ఆ మాట విని నూకమ్మ తిట్టడం ఆపింది. ఆపి, కొంచెం ఆలోచించి, ముగ్గు గిన్నె మళ్లీ తీసుకుంది. ఒక పద్మం వేసింది. నడుమ రెండు రేకులు మాత్రం అరచెయ్యి పట్టేంత ఖాళీగా వదిలింది.

"ఆ కాళీలో సేతులెట్టు. ఈపాలి కదిలేవంటే తొక్కేది నా ముగ్గే, గుర్తెట్టుకో."

సౌరభ్ సుద్దగీత చేయలేని పని ఆ పద్మం చేసింది. మొదటి రోజు తొక్కింది. నూకమ్మ తిట్టింది, తుడిచింది, మళ్లీ వేసింది. రెండో రోజూ తొక్కింది. కాని తొక్కే ముందు చేతులు ఒక్క క్షణం తడబడడం నేను చూశాను. లోడెనకాలే వెళ్లమన్న నా పాఠానికి వయసు నాలుగేళ్లు. ముగ్గు తొక్కొద్దన్న పాఠం అంతకంటే చాలా పాతది, నడక నేర్చిననాటిది. రెండూ ఆ చేతుల్లో పోట్లాడుకుంటున్నాయి. నా పాఠం ఓడిపోవాలని నేనే కోరుకోవడం అదే మొదటిసారి.

చేతులకు వెళ్లే దారి మూసుకుపోయాక వేళ్లకు పని దొరికింది. కాళ్లు వీపు వైపుకు వాలితే వేళ్ల కొసలు గచ్చును నొక్కాలి. అప్పుడు వాలిన ఒళ్లు వెనక్కి వస్తుంది. ఎక్కువ నొక్కితే ఒళ్లు మరీ వెనక్కి వచ్చి కాళ్లు దిగిపోతాయి. ఎంత నొక్కాలో ఎవరూ చెప్పలేరు. ఆమె రోజూ షిఫ్టు దిగి వచ్చి అదే పని. ఎత్తడం, నొక్కడం, పడడం. పడ్డ ప్రతిసారీ లేచి అరచేతుల దుమ్ము చూసుకునేది. వేళ్ల కొసలకు గచ్చు దుమ్ము అంటిందా లేదా? అంటిన రోజు నాకు చూపించడానికి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చేది. నేను పేపరు పక్కన పెట్టి పరీక్షించి, "చిటికినేలు ఇంకా బద్ధకంగానే ఉంది" అనేవాణ్ని. సౌరభ్ ఒకసారి డాబా ఎక్కి వచ్చి ఆ పద్మాన్ని చూసి, సుద్దముక్క జేబులో పెట్టేసుకున్నాడు. నూకమ్మ అతడికి టీ ఇస్తూ, "ముగ్గు తొక్కకు బాబూ" అంది. అతడు గోడ వెంబడి పక్కపక్కగా నడిచి వెళ్లాడు.

మార్చిలో ఆ ఆదివారం వచ్చింది. రోహిణి కాళ్లు ఎత్తింది. నిటారుగా నిలిచాయి. వాలాయి. నా నోరు తెరుచుకుంది, మూసేశాను. ఆమె వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. వాలిన కాళ్లు నెమ్మదిగా తిరిగి నిటారుకు వచ్చి ఆగాయి. మళ్లీ వాలాయి, మళ్లీ వచ్చాయి. చూస్తే మనిషి కదలనట్టే ఉంది. వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఊరుకోలేదు. దిగాక మేం ముగ్గురం ముందు ముగ్గునే చూశాం. పద్మం పద్మంలాగే ఉంది.

"అయితే ఇంకేటి, టిఫిన్ తినండి" అని నూకమ్మ పెసల చాట అందుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం మాత్రం నేను చూశాను. ఎండకు అంటుంది.

ఏప్రిల్‌లో రాంచీ. మానగో బస్టాండు నుంచి బస్సులో సౌరభ్, రోహిణి, నేను వెళ్లాం. పెద్ద హాలు. ఎంపిక చేసే ఆవిడ పేరు రీనా మేడమ్, మెడలో ఈల, మాట తక్కువ. ఒక్కొక్కరికి రెండు అవకాశాలు. మొగ్గ, చక్రం, విల్లు వరసగా దాటేసింది రోహిణి. చివరికి చదరం. గచ్చు మీద కాదు, మందమైన మెత్తటి పరుపు మీద గీశారు. దాన్ని చూసి సౌరభ్ నావైపు చూశాడు. మాకు డాబా గచ్చే తెలుసు.

మొదటిసారి కాళ్లు ఎత్తింది. వాలాయి. వేళ్లు నొక్కింది. పరుపు లోపలికి దిగిపోయింది, తిరిగి తోయలేదు. కుడిచెయ్యి ఒక్క అడుగు వేసింది. గీత అవతల పడింది.

"ఔట్" అంది రీనా మేడమ్. "ఏక్ ఔర్ చాన్స్."

ఆ కుడిచేతి అడుగు నాదే. ఆమె చేతిలో పెట్టింది నేనే. కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. రోహిణి మాత్రం నా వైపు గాని సౌరభ్ వైపు గాని చూడలేదు. చదరం దగ్గర గొంతుక్కూర్చుని, దోసెల పిండి పొంగిందో లేదో చూసినట్టు పరుపును వేళ్లతో అక్కడా ఇక్కడా నొక్కి చూసింది. అరచెయ్యి మొత్తం ఆనిస్తే ఎంత దిగుతున్నది, కొసలు మాత్రం ఆనిస్తే ఎంత దిగుతున్నది. మేడమ్ గడియారం చూసుకుంది. రోహిణి వేళ్లను బాగా ఎడం చేసి, కణుపుల దగ్గర వంచి, పిల్లి గోళ్లు దించినట్టు కొసలను పరుపులోకి ముందే దించి పెట్టింది. అడుగున గట్టి చెక్క తగిలిందని తరవాత చెప్పింది. అప్పుడు కాళ్లు ఎత్తింది, విసరలేదు, ఒక్కొక్కటిగా తేల్చింది.

"ఏక్. దో. తీన్..."

అయిదు దగ్గర కాళ్లు వాలాయి. చేతులు కదులుతాయనుకున్నాను. కదల్లేదు. మోచేతుల దాకా నరాలు పొంగాయి, వేళ్లు పరుపును పట్టి వెనక్కి తెచ్చాయి. "ఆఠ్. నౌ. దస్." అయిపోయింది. అయిపోయినా పిల్ల దిగదు! భుజాల మధ్య చెవులు మూసుకుపోయి ఆమెకు లెక్క వినపడలేదు. మేడమ్ ఈల వేసింది. అదీ వినపడలేదు. చివరికి వంగి, తలకిందులుగా ఉన్న ముఖంలోకి చూసి, "బస్ బేటీ, ఉతర్ జావో! దిగవా, ఇక్కడే కాపురం పెడతావా?" అన్నట్టు ఏదో అంది. హాలంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది.

రోహిణి ఎంపికయిందని సౌరభ్‌కు ఫోను వచ్చింది. కంపెనీలో సూపర్‌వైజరు, "తలకిందులుగా నిలబడడానికి సెలవా?" అని అడిగి, ఆమె చేసి చూపించాక సంతకం పెట్టాడు. మే నెల మొదట్లో టాటానగర్ స్టేషనులో రైలెక్కించాం. ఆడపిల్లల బ్యాచి అంతా వచ్చింది, తల్లులు కూడా వచ్చారు. రోహిణి తిరిగి వచ్చేదాకా పిల్లల పేర్లు తీసేయొద్దని వాళ్లే సౌరభ్‌తో అన్నారు. బాగ్‌బేరా వైపు రైలు మలుపు తిరిగేదాకా పిల్లలు ప్లాట్‌ఫారం మీద చక్రాలు తిప్పుతూనే ఉన్నారు. రైల్వే పోలీసు ఒకడు వచ్చి ఆపాడు.

అక్కడి నుంచి వారానికోసారి ఫోను చేస్తుంది. మొన్న చేసినప్పుడు అంది:

"పెదనాన్నా, ఇక్కడ కళ్లు మూసుకుని సేయమన్నారు. అందరం పడిపోయాం. ఏళ్లు అవే, సేతులు అవే. కళ్లు మూస్తే ఎందుకు పడతామో సెప్పండి?"

"ఎందుకే?"

"సెప్పను. మీరే కనిపెట్టండి. నానొచ్చినాక టాలీ సేద్దాం."

అప్పటినుంచీ వరండాలో ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసి చూస్తున్నాను. నిజమే, పడిపోతున్నాను. కాలివేళ్లు మునుపటికంటే గట్టిగానే కరిచిపట్టుకుంటున్నాయి, అయినా పడిపోతున్నాను. రెండుసార్లు నూకమ్మ పట్టుకుంది. మూడోసారి పట్టుకోనని చెప్పేసింది. కంటికీ కాలివేలికీ ఏమిటి సంబంధం? నాకు ఒక ఊహ ఉంది గాని, తప్పయితే పిల్ల ముందు చులకనైపోతాను, కనక ఇక్కడ రాయను. శిబిరం జూన్ ఇరవైన ముగుస్తుంది. ఆ సాయంత్రమే బండి ఎక్కుతుంది. సోమవారం నుంచి సామాజిక భవనంలో ఆడపిల్లల బ్యాచి ఆమెదే. రోహిణి టాటానగర్‌లో దిగేది 2026 జూన్ ఇరవై ఒకటి, ఆదివారం పొద్దున.